వెనక చక్రాల అలైన్‌మెంట్: ముందు బుష్‌లు చూడండి, తర్వాతే కంప్యూటర్

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇది. 2005 మోడల్ బీఎండబ్ల్యూ జెడ్4, 17 అంగుళాల చక్రాలు. వెనక టైర్లు రెండూ లోపలి అంచున దారాలు తేలేదాకా అరిగిపోయాయి, బయటి అంచు మాత్రం ఇంకా బాగానే ఉంది. హైవే మీద యాక్సిలరేటర్ వదలగానే వెనక భాగం ఒక్కసారి పక్కకు జరిగినట్టు అనిపిస్తోంది. స్టీరింగ్ కాస్త ఎడమకు తిప్పి పట్టుకుంటేనే కారు తిన్నగా పోతోంది. రెండు చోట్ల అలైన్‌మెంట్ చేయిస్తే ఒకచోట "వెనక అడ్జస్ట్‌మెంట్ రాదండీ" అన్నారు, ఇంకోచోట "బోల్ట్ పట్టేసింది, తిప్పితే విరుగుద్ది" అన్నారు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద వచ్చినప్పుడు కారు సింగ్‌నగర్‌లో మీ మేనమామగారి ఇంటి దగ్గర ఉందని, చక్రాల సగం దాకా నీళ్లలో నిలబడిందని చివర్లో రాశారు. నా లెక్కలో మొదట రాయాల్సిన మాట అది.

నేను విజయవాడ ఆటోనగర్‌లో సస్పెన్షన్ పని చేస్తాను. చుట్టూ లారీల కమాను కట్టలు విప్పే షెడ్లు, మధ్యలో మాది. ఇలాంటి పాత ఇంపోర్టెడ్ కార్లు కూడా వస్తూనే ఉంటాయి. వాటిలో ఎక్కువ శాతం మీలాగే రెండు మూడు చోట్ల అలైన్‌మెంట్‌కు డబ్బు పెట్టి, విసిగిపోయి వచ్చినవే. అందుకే ముందుగా చెబుతున్నాను, ఇప్పుడే మూడో అలైన్‌మెంట్‌కు వెళ్లకండి. ఆ మిషన్ చక్రం ఎటు చూస్తోందో కొలిచి చెబుతుంది, అంతే. చక్రాన్ని ఆ స్థానంలో పట్టి ఉంచేది రబ్బరు బుష్‌లు (కీళ్ల దగ్గర ఇనుప భాగాల మధ్య ఉండే రబ్బరు గొట్టాలు), బోల్టులు, బేరింగులు. అవి వదులుగా ఉంటే షెడ్డులో పచ్చగా కనిపించిన అంకె గేటు దాటేలోపే మారిపోతుంది.

వెనక అడ్జస్ట్‌మెంట్ రాదనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలుసుకోండి. మన దగ్గర రోజూ అలైన్‌మెంట్‌కు వచ్చే స్విఫ్ట్, బాలెనో, ఐ20 లాంటి కార్లకు వెనక టార్షన్ బీమ్ ఉంటుంది. రెండు చక్రాలనూ కలుపుతూ అడ్డంగా ఒకే దూలం. అందులో తిప్పి సరిచేయడానికి బోల్టే ఉండదు. హబ్‌కూ (చక్రాన్ని బిగించే భాగం) బీమ్‌కూ మధ్య షిమ్ అనే పలుచని రేకు పెట్టి సరిచేయడం ఒక మార్గం, దాన్ని మన ఊళ్లో చేసేవాళ్లు తక్కువ. రోజంతా ఆ కార్లే చూసే ఆపరేటర్‌కు స్క్రీన్ మీద వెనక అంకెలు ఎర్రగా కనిపించినా అది మామూలే అనిపిస్తుంది. ముందు చక్రాల టై రాడ్లు (స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే కడ్డీలు) తిప్పి, స్టీరింగ్ సెంటర్ చేసి పంపేస్తాడు. ఆ కార్ల విషయంలో అతను చెప్పింది నిజమే. మీ కారు విషయంలో మాత్రం కాదు.

మీ జెడ్4 వెనక సస్పెన్షన్ అదే కాలపు 3 సిరీస్‌కు, అంటే ఈ46కు, దగ్గరి చుట్టం. ఒక్కో వైపు పొడవాటి ట్రైలింగ్ ఆర్మ్ ఒకటి, దాన్ని అడ్డంగా పట్టి ఉంచే పై ఆర్మ్ ఒకటి, కింది ఆర్మ్ ఒకటి. ట్రైలింగ్ ఆర్మ్ ముందు కొసన లావుపాటి రబ్బరు బుష్ ఉంటుంది. ఆ బుష్ ఒక బ్రాకెట్‌లో కూర్చుంటుంది, ఆ బ్రాకెట్ మూడు బోల్టులతో బాడీకి బిగించి ఉంటుంది. ఆ మూడు రంధ్రాలూ కోలగా ఉండటానికి కారణం ఉంది. బోల్టులు వదులు చేసి బ్రాకెట్‌ను లోపలికి జరిపితే చక్రం ముందు అంచు లోపలికి వస్తుంది, అది టో ఇన్. బయటికి జరిపితే టో అవుట్. క్యాంబర్‌కు, అంటే చక్రం నిలువు నుంచి వాలే కోణానికి, వేరే ఏర్పాటు ఉంది, కింది ఆర్మ్ బోల్ట్‌కు ఉన్న ఎక్సెంట్రిక్ వాషర్ (రంధ్రం మధ్యలో కాకుండా పక్కకు ఉన్న వాషర్, తిప్పితే ఆర్మ్ జరుగుతుంది). అంటే మీ కారుకు వెనక టో, క్యాంబర్ రెండూ సరిచేయొచ్చు. రెండోచోట పట్టేసిందన్న బోల్టు ఈ ఎక్సెంట్రిక్ బోల్టే అయి ఉంటుంది.

ఇప్పుడు మీరు చెప్పిన లక్షణాలు చూద్దాం. ఈ రకం కార్లకు వెనక కొంచెం నెగటివ్ క్యాంబర్ ఉండాలి, అంటే చక్రం పైభాగం లోపలికి వాలి ఉండాలి. కాబట్టి లోపలి అంచు కాస్త ముందుగా అరగడం ఉండేదే. కానీ దారాలు తేలేంతగా అరిగిందంటే ఒక్క క్యాంబర్ వల్ల అని నేను అనుకోను. క్యాంబర్ నిదానంగా అరగదీస్తుంది, టో తేడా టైరును తినేస్తుంది. అర డిగ్రీ టో తేడా ఉన్న చక్రం కిలోమీటరు దూరంలో దాదాపు 8.7 మీటర్లు అడ్డంగా ఈడ్చుకుపోతుంది. విజయవాడ నుంచి గుంటూరుకు 35 కిలోమీటర్లు అనుకుంటే, ఒక్క వైపు ప్రయాణంలోనే ఆ టైరు 300 మీటర్లకు పైగా రోడ్డు మీద పక్కకు రాసుకుంటూ పోయినట్టు. నెగటివ్ క్యాంబర్ వల్ల బరువు ఎక్కువగా లోపలి అంచు మీద ఉంటుంది, టో అవుట్ ఆ అంచునే గీకుతుంది. ఆ రెండూ కలిసినప్పుడే టైరు ఇలా తయారవుతుంది.

స్టీరింగ్ ఎడమకు పట్టాల్సి రావడం కూడా వెనక నుంచే వస్తోందని నా అనుమానం. వెనక చక్రాలు రెండూ కలిపి ఎటు చూస్తున్నాయో దాన్ని థ్రస్ట్ యాంగిల్ అంటారు. ఎడమ వెనక చక్రం బయటికి ఎక్కువ తెరుచుకుని, కుడిది తక్కువ తెరుచుకుంటే, మొత్తం మీద వెనక యాక్సిల్ ఎడమకు చూస్తుంది. అప్పుడు ముందు చక్రాలనూ ఎడమకే తిప్పి పట్టుకోవాలి, లేకపోతే కారు తిన్నగా పోదు. ముందు టై రాడ్లు సవరించి స్టీరింగ్ నిటారుగా కనిపించేలా చేయొచ్చు. అలా చేస్తే కారు కొంచెం ఏటవాలుగా పరిగెడుతూనే ఉంటుంది, టైర్లు అరుగుతూనే ఉంటాయి. రోడ్డు ఒక పక్కకు వాలి ఉండటం వల్ల కూడా కారు కొద్దిగా లాగుతుంది కాబట్టి, ఒకే లేన్‌లో చూసి తేల్చేయకండి. లేన్ మారినా అదే తేడా ఉంటే వాలు కారణం కాదు.

యాక్సిలరేటర్ వదలగానే వెనక జరగడానికి మొదటి ముద్దాయి ట్రైలింగ్ ఆర్మ్ బుష్. కాలు నొక్కినప్పుడు చక్రం ఆర్మ్‌ను ముందుకు తోస్తుంది, వదిలితే ఇంజన్ బ్రేకింగ్ వెనక్కి లాగుతుంది. రబ్బరు గట్టిగా ఉంటే ఆ కదలిక తెలియదు. చిరిగిపోయి ఉంటే తోసిన ప్రతిసారీ ఒక టో, లాగిన ప్రతిసారీ ఇంకో టో. కనకదుర్గ ఫ్లైఓవర్ మీద జాయింట్లు దాటేటప్పుడు వెనక నుంచి చిన్న తోపు లాంటిది వస్తోందేమో గమనించండి. వంపులో జాయింట్ దాటినప్పుడు అది ఇంకా బాగా తెలుస్తుంది. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. వెనక చక్రాలకు టో అవుట్ ఉన్న కారు వానలో, వంపులో, బ్రేక్ వేసినప్పుడు చెప్పకుండా తిరిగిపోతుంది. దారాలు తేలిన టైర్లతో హైవే ఎక్కడం ఈ రోజు నుంచే ఆపేయండి.

షెడ్డుకు వెళ్లే ముందు ఇంటి దగ్గరే కొన్ని చూసుకోవచ్చు. సమతలంగా ఉన్న చోట కారు ఆపి, టైరు మీద అరచేయి పెట్టి బయటి అంచు నుంచి లోపలికి ఒకసారి, లోపలి నుంచి బయటికి ఒకసారి నిదానంగా రాయండి. ఒక దిక్కున నున్నగా, ఇంకో దిక్కున రంపం పళ్లలా గుచ్చుకుంటే టో తేడా ఉన్నట్టే. లోపలి నుంచి బయటికి రాస్తే గుచ్చుకుంటే టో ఇన్ ఎక్కువ, బయటి నుంచి లోపలికి రాస్తే గుచ్చుకుంటే టో అవుట్. దారాలు తేలిన చోట చేయి పెట్టకండి, ఉక్కు తీగలు కోసేస్తాయి. టైరు మధ్య భాగం మీద చూస్తే చాలు.

తర్వాత టేపు తీసుకుని చక్రం మధ్య నుంచి నిటారుగా పైన ఫెండర్ (మడ్‌గార్డు) అంచు దాకా ఎంత ఎత్తుందో నాలుగు వైపులా కొలిచి రాసుకోండి. ఈ అంకెలు తర్వాత చాలా అవసరం పడతాయి. వెనక ఎడమకూ కుడికీ సెంటీమీటరు పైన తేడా ఉంటే స్ప్రింగ్ కింది చుట్టు విరిగిందేమో చూడాలి. ఈ కార్లలో వెనక స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ విడివిడిగా ఉంటాయి, స్ప్రింగ్ కొస విరిగినా కారు నడుస్తూనే ఉంటుంది, ఎవరికీ తెలియదు. ఇంకో మాట, స్పీడ్ బ్రేకర్లకు కింద తగులుతోందని స్ప్రింగ్ చుట్ల మధ్య రబ్బరు బఫర్లు పెట్టించి ఉంటే అవి తీసేయండి. ఎత్తు మారితే క్యాంబర్, టో రెండూ మారతాయి.

కారు పైకెత్తి స్టాండ్ల మీద పెట్టాక (జాకీ మీద వదిలేసి కిందికి దూరవద్దు) చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. టకటకమని ఆడితే బేరింగ్ లేదా బాల్ జాయింట్ పోయింది. చక్రాల సగం దాకా నీళ్లంటే హబ్ బేరింగులు కూడా మునిగి ఉంటాయి కాబట్టి, చేత్తో తిప్పినప్పుడు గరగర వినిపిస్తోందేమో చెవి పెట్టి చూడండి. ట్రైలింగ్ ఆర్మ్ ముందు కొస దగ్గర టార్చ్ వేసి చూస్తే బుష్ రబ్బరు పగుళ్లు కనిపించవచ్చు. కనిపించకపోయినా బాగుందని అనుకోకండి. ఈ బుష్ చాలాసార్లు లోపలి వైపు చిరుగుతుంది, బయటికి తీసి చేత్తో వంచితే గానీ తెలియదు. ఇరవై ఏళ్ల రబ్బరు, పైగా వరద నీళ్లు తాగింది. చూడకుండానే రెండు వైపులా మార్చేయమని నేను చెబుతాను. ఒక్క వైపు మార్చడం మాత్రం వద్దు.

వరద గురించి చెబుతున్నాను కాబట్టి అలైన్‌మెంట్‌తో నేరుగా సంబంధం లేనిది ఒకటి. డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) ఆయిల్ కొంచెం తీయించి చూడండి. గాలి గొట్టం గుండా నీళ్లు పోయి ఉంటే ఆయిల్ మజ్జిగలా తెల్లబడి ఉంటుంది. ఇన్నాళ్లూ అలాగే నడిపి ఉంటే లోపలి బేరింగుల శబ్దం కూడా వినాలి. అలాగే హ్యాండ్ బ్రేక్ షూలు వెనక డిస్క్ లోపల డ్రమ్‌లో ఉంటాయి. ఒక వైపు తుప్పు పట్టి పట్టేస్తే కారు ఆ వైపు లాగుతుంది, అది అలైన్‌మెంట్ తేడా అనుకుని తిరుగుతూ ఉంటాం.

ఇక పట్టేసిన బోల్టు. ఇక్కడ తొందరపడితే చిన్న పని పెద్దదవుతుంది. ఈ బోల్టు మర దగ్గర పట్టడం తక్కువ. బుష్ మధ్యలో ఒక ఉక్కు గొట్టం ఉంటుంది, బోల్టు దాని గుండా పోతుంది. నీళ్లు దిగి ఆ గొట్టానికీ బోల్టుకూ మధ్య తుప్పు పట్టి రెండూ ఒకటైపోతాయి. నట్టు హాయిగా ఊడుతుంది, బోల్టు మాత్రం తిరగదు. అప్పుడు పొడవాటి పైపు తగిలించి బోల్టు తల బలవంతంగా తిప్పితే బోల్టుతో పాటు గొట్టం తిరుగుతుంది, గొట్టంతో పాటు రబ్బరు మెలి తిరిగి చిరుగుతుంది. బోల్టు తిరిగింది కదా అని సంతోషిస్తాం, స్క్రీన్ మీద అంకె కూడా మారుతుంది. నాలుగు రోజుల్లో బుష్ పోతుంది.

ముందు రోజు సాయంత్రమే తుప్పు వదిలించే పెనెట్రేటింగ్ ఆయిల్ రెండు కొసల నుంచీ కొట్టి వదిలేయండి, పొద్దున మళ్లీ కొట్టండి. నట్టును బోల్టు కొసతో సమంగా ఉంచి ఇత్తడి డ్రిఫ్ట్ (కడ్డీ) పెట్టి సుత్తితో కొట్టి చూడాలి, నేరుగా మర మీద కొట్టకూడదు. కదలకపోతే వేడి. గ్యాస్ మంటకు నేను ఇక్కడ ఒప్పుకోను. దగ్గర్లో పెట్రోలు ట్యాంకు ఉంది, బ్రేక్ గొట్టాలున్నాయి, రబ్బరు ఎలాగూ కాలిపోతుంది. ఇండక్షన్ హీటర్ ఉన్న షెడ్డులో చేయిస్తే మంట లేకుండా బోల్టు చుట్టూ మాత్రమే వేడెక్కుతుంది. అప్పటికీ రాకపోతే ఆర్మ్ కొసకూ అది కూర్చునే చోటుకూ మధ్య సందులో రెండు వైపులా బోల్టును రంపంతో కోసేయడమే. కోసేశాక ఆ ఆర్మ్, ఆ బుష్, బోల్టు, ఎక్సెంట్రిక్ వాషర్లు, నట్టు అన్నీ కొత్తవి వేయాలి. కాబట్టి విడిభాగాలు చేతికి వచ్చాకే బోల్టు మీద చేయి వేయండి. విప్పేసిన కారు లిఫ్ట్ మీద వారాల తరబడి కూర్చుంటే షెడ్డువాళ్లు దగ్గర్లో దొరికిన బోల్టు ఏదో తెచ్చి వేసేస్తారు. ఆ పని మాత్రం జరగనివ్వకండి. సైజు కలిసినంత మాత్రాన బలం కలవదు.

కొత్త బోల్టు వేసేటప్పుడు గొట్టంలో ఉండే నున్నని భాగానికి మాత్రం కాపర్ గ్రీజు పలుచగా పూయించండి. మరకు పూస్తే టార్క్ (బిగింపు బలం) లెక్క తప్పుతుంది. సెల్ఫ్ లాకింగ్ నట్టు ఒకసారి విప్పితే మళ్లీ వాడకూడదు.

ఇప్పుడు నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్న సంగతి. ఈ బుష్‌లలో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అంటుకుని ఉంటుంది. బోల్టు బిగించగానే లోపలి గొట్టం కదలకుండా ఆగిపోతుంది. చక్రం పైకీ కిందికీ ఆడినప్పుడల్లా రబ్బరే మెలి తిరిగి మళ్లీ వెనక్కి వస్తుంది. కాబట్టి బిగించినప్పుడు ఆర్మ్ ఏ కోణంలో ఉంటే రబ్బరుకు అదే విశ్రాంతి స్థానం. మన షెడ్లలో ఏం జరుగుతుందంటే, కారు లిఫ్ట్ మీద ఉంటుంది, చక్రాలు కిందికి వేలాడుతుంటాయి, బుష్‌లు వేసి అక్కడికక్కడే బోల్టులు బిగించేస్తారు. కారు దించగానే ఆర్మ్ పైకి లేస్తుంది, రబ్బరు అప్పటికే మెలి తిరిగిపోయి ఉంటుంది. ఆపైన ప్రతి గుంతకూ ఇంకా మెలి తిరుగుతుంది. కొత్త బుష్ కొన్ని నెలల్లోనే చిరిగిందని, డూప్లికేట్ సరుకని తిట్టుకునేవాళ్లలో చాలామంది విషయంలో సరుకు మంచిదే, బిగించిన తీరులోనే తేడా.

చేయాల్సింది ఇది. అన్ని బోల్టులూ చేత్తో పట్టేంతవరకే బిగించి ఉంచాలి. తర్వాత హబ్ కింద జాకీ పెట్టి, మీరు ముందు రాసుకున్న ఎత్తు వచ్చేదాకా, అంటే చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచుకు అదే కొలత వచ్చేదాకా, ఆర్మ్‌ను పైకి లేపాలి. స్ప్రింగ్ విరిగి ఉండి కొత్తది వేసి ఉంటే కంపెనీ ఇచ్చిన ఎత్తు చూసుకోవాలి. ఆ ఎత్తులో టార్క్ రెంచ్‌తో కంపెనీ చెప్పిన అంకెకు బిగించాలి. నాలుగు స్తంభాల లిఫ్ట్ గానీ, పిట్ గానీ ఉన్న చోటైతే కారు తన చక్రాల మీదే నిలబడి ఉంటుంది, పని ఇంకా తేలిక. ఈ ఒక్క పని మీ కళ్ల ముందు జరిగేలా చూసుకోండి. దగ్గర నిలబడి అడిగితే ఏ మేస్త్రీ కాదనడు.

ట్రైలింగ్ ఆర్మ్ బుష్ తీసేటప్పుడు రెండు మార్గాలున్నాయి. బ్రాకెట్‌ను బాడీ నుంచి విప్పడం ఒకటి, బుష్ మధ్య బోల్టు మాత్రమే తీసి ఆర్మ్‌ను కిందికి దించడం ఇంకోటి. బ్రాకెట్ విప్పితే టో పోయినట్టే. విప్పక తప్పకపోతే దాని అంచు చుట్టూ బాడీ మీద సూదితో గీత గీసి ఉంచాలి, తిరిగి అక్కడే పెట్టాలి. మీ కారులో ఇంతకు ముందు ఎవరో ఈ బ్రాకెట్ విప్పి గుర్తు లేకుండా బిగించి ఉంటారని నా అనుమానం. ఎడమకూ కుడికీ అంత తేడా రావడానికి అది తేలికైన కారణం. కింద నుంచి చూస్తే ఎడమ బ్రాకెట్ ఒక చోట, కుడిది ఇంకో చోట ఉన్నట్టు కంటికే కనిపించవచ్చు. పాత బ్రాకెట్ ముద్ర అండర్‌బాడీ పెయింట్ మీద ఉండిపోతుంది, అది వెతకండి.

బుష్‌లు ఏవి కొనాలంటారా, లెమ్‌ఫోర్డర్ లేదా మైలే హెచ్‌డీ బ్రాండువి తీసుకోండి. రబ్బరు బదులు గట్టి ప్లాస్టిక్ లాంటి పాలీయురెథేన్ బుష్‌లు అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు. ట్రాక్ మీద తిప్పే కారుకైతే ఆలోచించవచ్చు గానీ, ఈ చోట ఆర్మ్ ఒకే దిక్కున ఆడదు, కొంచెం పక్కకు కూడా మెలి తిరగాలి, రబ్బరే దానికి నప్పుతుంది. మన రోడ్ల మీద నా ఓటు రబ్బరుకే.

బుష్‌లు, బోల్టులు, బేరింగులు అన్నీ సరిగ్గా ఉన్నా క్యాంబర్ ఒక వైపు అర డిగ్రీ పైన తేడా చూపిస్తూ, ఎక్సెంట్రిక్ చివరిదాకా తిప్పినా స్పెక్‌లోకి (కంపెనీ ఇచ్చిన హద్దులోకి) రాకపోతే, ఏదో వంగింది. డివైడర్‌కో పెద్ద గుంతకో తగిలిందేమో గుర్తు చేసుకోండి. ముందు హబ్ మధ్య నుంచి వెనక హబ్ మధ్యకు రెండు వైపులా కొలిచినా కొంత తెలుస్తుంది. ఆటోనగర్‌లో లారీ ఛాసిస్‌ను నిమిషాల్లో తిన్నగా చేసే పనివాళ్లున్నారు, వాళ్ల పనితనం మీద నాకు గౌరవం ఉంది. అయినా వంగిన సస్పెన్షన్ ఆర్మ్‌ను వేడి చేసి సాగదీయించడం మాత్రం వద్దు, మార్చండి. అదే సమయంలో వెనక సబ్‌ఫ్రేమ్ (వెనక సస్పెన్షన్‌ను మోసే ఇనుప చట్రం) బాడీకి తగిలే నాలుగు చోట్లా షీట్ మెటల్‌లో పగుళ్లున్నాయేమో లైట్ వేసి చూడమనండి. ఈ46లో ఆ చోట పగుళ్లు పేరున్న జబ్బు.

ఇదంతా అయ్యాక అలైన్‌మెంట్‌కు వెళ్లండి. కొత్త టైర్లు అదే రోజు వేయించండి, దారాలు తేలిన టైర్ల మీద నడిపి చూస్తే కారు లాగుడు గురించి ఏమీ తెలియదు. వెనక చక్రాల కింద కూడా స్లిప్ ప్లేట్లు (చక్రం సులువుగా పక్కకు జరిగేలా ఉండే పలకలు) ఉన్న చోటు చూసుకోండి. బీఎండబ్ల్యూ ఆ కాలపు పద్ధతి ప్రకారం ముందు సీట్లలో ఒక్కోదాని మీద 68 కిలోల బరువు, డిక్కీలో కొంత బరువు, ట్యాంకు నిండా పెట్రోలు ఉంచి కొలవాలి. ఇసుక మూటలు వేసుకోండి, లేదా మీరూ ఓ స్నేహితుడూ కూర్చోండి. గాలి సరిచూసుకోవాలి. రన్ ఫ్లాట్ టైర్లయితే (గాలి పోయినా కొంత దూరం నడిచే గట్టి పక్కగోడల టైర్లు) గాలి తగ్గినా పక్కగోడ వంగదు, చూసి పట్టుకోలేరు. ఆపరేటర్ కంప్యూటర్‌లో ఏ మోడల్ ఎంచుకున్నాడో మీరే చదవండి. జెడ్4 దొరక్కపోతే ఏదో ఒక 3 సిరీస్ నొక్కేస్తారు. మీ కారు స్పెక్ కాగితం మీద తీసుకెళ్లండి, మామూలు సస్పెన్షన్‌కూ స్పోర్ట్ సస్పెన్షన్‌కూ అంకెలు వేరు.

వరస ముఖ్యం. మొదట వెనక క్యాంబర్, ఆపైన వెనక టో, చివరికి ముందు చక్రాలు. క్యాంబర్ తిప్పితే టో కదులుతుంది కాబట్టి తారుమారు చేస్తే ఎంతకీ తెగదు. టోకు బ్రాకెట్ బోల్టులు మూడూ కొద్దిగా వదులు చేసి లీవర్‌తో జరపాలి. బిగించేటప్పుడు బ్రాకెట్ మళ్లీ కొంచెం జరుగుతుంది, కాబట్టి బిగించాక అంకె చూడాలి. ఎడమ, కుడి టోలు విడివిడిగా సమానంగా ఉండాలి, థ్రస్ట్ యాంగిల్ సున్నాకు దగ్గరగా రావాలి. మొత్తం టో ఒక్కటే చూసి సరిపోయిందంటే ఒప్పుకోకండి. సవరించాక కారును కొన్ని మీటర్లు ముందుకూ వెనక్కీ దొర్లించి, వెనక భాగాన్ని రెండుసార్లు కిందికి నొక్కి వదిలి, మళ్లీ కొలిపించండి. ముందు కొలతల ప్రింటు, తర్వాతి కొలతల ప్రింటు రెండూ అడిగి తీసుకోండి.

మిషన్ మీద నమ్మకం లేకపోతే దారంతో మీరే సరిచూసుకోవచ్చు. తాపీ మేస్త్రీలు వాడే లైన్ దారం కొనండి. కారుకు రెండు వైపులా, హబ్ మధ్య ఎత్తులో, ముందు నుంచి వెనక దాకా స్టాండ్లకు కట్టి బిగించండి. ముందు చక్రాల వెడల్పూ వెనకవాటి వెడల్పూ ఒకటి కాదు కాబట్టి దారం చక్రాలను ఆనకూడదు. ముందు రెండు హబ్‌ల నుంచి దారాలకు ఒకే దూరం, వెనక రెండు హబ్‌ల నుంచి ఒకే దూరం ఉండాలి, దారాల మధ్య వెడల్పు రెండు కొసలా సమానంగా ఉండాలి. ఇది కుదిరేసరికి ఓపిక పడుతుంది, కుదిరాక మిగిలిందంతా స్టీలు స్కేలు పని. వెనక రిమ్ ముందు అంచు నుంచి దారానికి ఎంతో, వెనక అంచు నుంచి ఎంతో కొలవండి. ముందు అంచు దగ్గర దూరం ఎక్కువుంటే టో ఇన్. మీ 17 అంగుళాల రిమ్‌కు ఒక మిల్లీమీటరు తేడా అంటే సుమారు 8 నిమిషాల కోణం. డిగ్రీకి 60 నిమిషాలు. క్యాంబర్‌కు రసమట్టం చాలు. పట్టీ ఒకటి నిటారుగా నిలబెట్టి రిమ్ పై అంచుకూ కింది అంచుకూ తేడా కొలిస్తే, 7.5 మిల్లీమీటర్లు ఒక డిగ్రీ. నేల సమతలంగా ఉండాలి, లేకపోతే ఆ వాలు కూడా లెక్కలో కలుస్తుంది.

నడిపి చూడటానికి ఆటోనగర్ నుంచి హైవే ఎక్కి మంగళగిరి మీదుగా కాజ టోల్ దాకా వెళ్లి రండి, వెళ్లేది వచ్చేది రెండూ కలిపి అంచనా వేయండి. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు యాక్సిలరేటర్ వదిలి చూడండి, వెనక కదలిక పోయి ఉండాలి. 500 కిలోమీటర్లు తిరిగాక బ్రాకెట్ బోల్టులు, ఎక్సెంట్రిక్ నట్లు ఒకసారి టార్క్ రెంచ్‌తో సరిచూపించండి, అరచేత్తో టైర్లు మళ్లీ రాసి చూడండి. నున్నగా ఉంటే అంతే. లోపలి అంచున రంపం పళ్లు మళ్లీ మొదలైతే ఆ రెండు ప్రింట్లు, ఫెండర్ ఎత్తుల కొలతలు నాకు చూపించండి. అప్పుడు పై ఆర్మ్ బుష్‌లు, సబ్‌ఫ్రేమ్ బుష్‌ల దగ్గర వెతుకుదాం.